తపాలా బిళ్ళలు: కాగితపు భేదములు, పట్టికల పఠనము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



పల్లెలో పాత జాబుల కట్ట లేని ఇల్లు అరుదు. కొందరి యిండ్లలో అవి ఇనుప తీగకు గ్రుచ్చబడి దూలమునకు వ్రేలాడుచుండును. కొందరి యిండ్లలో భోషాణపు అడుగున దస్తావేజులతో కలిసి పడియుండును. సంక్రాంతికి ఇల్లు దులుపు దినమున ఆ కట్ట బయటకు వచ్చును. పెద్దలు పొయ్యి వైపు చూతురు. బడికి పోవు పిల్లవాడు కవర్ల మీది బిళ్ళల వైపు చూచును. వాడు గోటితో గీకి, తడి వ్రేలితో రుద్ది, బిళ్ళలను పెరికి, అన్నపు మెతుకులతో నోటుపుస్తకములో అంటించును. పొయ్యిలో పడినదానికిని, ఆ పుస్తకములో పడినదానికిని అప్పుడు గొప్ప భేదము మిగులదు. ఏలయన, తపాలా బిళ్ళ చరిత్రలో సగము బొమ్మలో లేదు, కాగితములో ఉన్నది. కాగితమును పాడుచేసి బొమ్మను దాచుకొనుట, దస్తావేజులోని చేవ్రాలు చించివేసి స్టాంపు ముద్రను మాత్రము భద్రపరచుట వంటిది.

దీనికి ఉదాహరణము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఈ దేశమున నయా పైసల లెక్క ప్రవేశించినది. ఆ దినముననే భారతదేశ పటము గల క్రొత్త తపాలా బిళ్ళలు వెలువడినవి. ఒక నయా పైసా బిళ్ళ, రెండు, మూడు, ఐదు, ఇట్లు వరుసగా అన్నిటి మీదను ఒకటే పటము. రంగు మాత్రమే వేరు. ఆ కాలపు జాబుల కట్టలో ఇవి కుప్పలుగా దొరకును. వాటిలో ఐదు నయా పైసల పచ్చని బిళ్ళలు రెండు తీసి ప్రక్కప్రక్కన పెట్టినచో, ఎంత చూపు గలవానికిని అవి కవల పిల్లలవలె కనబడును. అయినను వాటిని త్రిప్పి వెనుకవైపు పరీక్షించినపుడు ఒకదాని కాగితములో చిన్న చిన్న నక్షత్రములు బారులు తీరి కనబడవచ్చును; మరియొకదాని కాగితములో అశోకస్తంభపు సింహశీర్షము కనబడవచ్చును. మొదటిది 1957 నాటి వరుసలోనిది. రెండవది 1958 మొదలు 1963 వరకు క్రమక్రమముగా వెలువడిన వరుసలోనిది. బొమ్మ యొక్కటే, విలువ యొక్కటే, రంగు యొక్కటే. పట్టికలో మాత్రము అవి రెండు వేర్వేరు స్థానములలో, రెండు వేర్వేరు సంఖ్యల క్రింద చేర్చబడినవి.

ఆ నక్షత్రము కథ కొంచెము ఆగి వినదగినది. 1882వ సంవత్సరమున విక్టోరియా రాణి కాలపు బిళ్ళల కాగితములో ఒక్కొక్క బిళ్ళకు ఒక్కొక్క నక్షత్రము వచ్చినట్లు గుర్తు వేయబడినది. 1926లో నాసిక్ నగరమందలి ముద్రణాలయము తపాలా బిళ్ళలను అచ్చువేయ నారంభించినపుడు, కాగితమంతటను నక్షత్రములు బారులుగా పరచుకొన్నవి. 1947 ఆగస్టు 15వ తేదీన దేశము స్వతంత్రమైనది. ఆ సంవత్సరము నవంబరులో జాతీయ పతాకము గల బిళ్ళ "జై హింద్" అను మాటతో వచ్చినది. డిసెంబరులో అశోకస్తంభపు సింహశీర్షమే బొమ్మగా మరియొక బిళ్ళ వచ్చినది. అయినను వాటి కాగితములో పాత ప్రభుత్వపు నక్షత్రములే యున్నవి! 1950 నాటి గణతంత్ర దినోత్సవపు బిళ్ళలలోను అవే. స్విట్జర్లండులో ముద్రింపబడి 1948లో వచ్చిన గాంధీమహాత్ముని బిళ్ళల వంటివి మాత్రము దీనికి మినహాయింపు. రాజ్యము మారిన సంగతి బొమ్మకు 1947లోనే తెలిసినది. నాసిక్ కాగితమునకు 1958 వరకు తెలియలేదు. ఈ సంగతిని బొమ్మలు మాత్రమే చూచువాడు నూరేండ్లు సేకరించినను కనుగొనజాలడు.

కాగితములోని ఈ గుర్తును వ్యాపారులు వాటర్‌మార్కు అందురు. తెలుగున నీటిగుర్తు అనవచ్చును. ఇది రంగుతో వేసినది కాదు. కాగితపు గుజ్జు ఇంకను తడిగా నున్నపుడు, తీగతో చేసిన ఆకృతి దానిపై ఒత్తుకొనును. ఒత్తిన చోట గుజ్జు పలుచబడును. ఆరిన పిమ్మట ఆ పలుచని చోట వెలుతురు ఎక్కువగా చొచ్చును. కరెన్సీ నోటును దీపమునకు ఎదురుగా పట్టి చూచువారందరును ఎరిగిన విషయమే యిది. తపాలా బిళ్ళ చిన్నది గనుకను, ముందువైపు ముద్రణ అడ్డుపడును గనుకను, దీపపు వెలుగు చాలదు. దానిని నల్లని నున్నని వస్తువుపై బోర్ల పెట్టి రెండు మూడు చుక్కల బెంజీను వేసినచో, పలుచని చోట నలుపు ముందుగా కనబడి ఆకృతి తేలును. పట్టణములందు దీనికై నల్లని పళ్ళెములు అమ్ముదురు. పల్లెలో పిల్లల పలక ఆ పనిని చక్కగా చేయును. అయితే బెంజీను క్షణములో అంటుకొను ద్రవము. దీపమునకు, పొయ్యికి, చుట్టకు దూరముగా పగటివేళ వాకిట కూర్చుండి చేయవలసిన పని. ఇంటిలో చేతికందినది గదా యని కిరసనాయిలు వాడినచో జిడ్డు మరక పడును. ఫోటోగ్రావ్యూరు పద్ధతిలో ముద్రించిన కొన్ని బిళ్ళల రంగు బెంజీనులో కరగిపోవును గనుక, విలువగల దానిపై ప్రయోగించుటకు ముందు చిరిగిన బిళ్ళపై ప్రయత్నించి చూచుట మేలు.

నీటిగుర్తు కనబడినచో నిశ్చయము సులభము. కనబడనిచోనే చిక్కు. 1854లో ఈ దేశమంతటికిని ఉపయోగింపదగిన మొదటి బిళ్ళలు కలకత్తాలో ముద్రింపబడినవి. అర్ధణా నీలము, అణా ఎరుపు, రెండణాలు పచ్చ, నాలుగణాలు ఎరుపు నీలములు కలిసినది. వాటి కాగితములో ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నము నీటిగుర్తుగా నున్నది. కాని ఆ చిహ్నము ఒక్కొక్క బిళ్ళకు ఒక్కొక్కటి కాదు. తావంతటికిని కలిపి ఒక పెద్ద ఆకృతి. అందుచేత విడిగా దొరకిన బిళ్ళలో ఒక వంకర గీత మాత్రమే కనబడవచ్చును, ఏమియు కనబడకపోవచ్చును. ఏమియు లేదు గనుక ఇది నకిలీ యనుట తప్పు. ఏమియు లేదు గనుక ఇది పట్టికలో లేని అపూర్వ వస్తువు అని పొంగిపోవుట అంతకంటె పెద్ద తప్పు. క్రొత్తగా ఈ విద్యలో దిగినవారు పడు గోతులలో ఇది మొదటిది.

నీటిగుర్తు కాక, కాగితపు అల్లికయే వేరుగా నుండుట కలదు. మామూలు కాగితమును వెలుతురునకు పట్టినచో సన్నని వస్త్రము నేతవలె సమముగా కనబడును. దానిని వోవ్ కాగితమందురు. మరియొక విధమగు కాగితములో దగ్గర దగ్గరగా సమాంతర రేఖలు తాటాకు మీది ఈనెలవలె కనబడును. దీనిని లెయిడ్ కాగితమందురు. తిరువాన్కూరు సంస్థానము 1888లో మొదట విడుదల చేసిన శంఖపు బిళ్ళలు ఈ రేఖల కాగితముపై నుండెను. మరుసటి సంవత్సరము నుండి వచ్చినవి మామూలు కాగితముపై నున్నవి. శంఖములో భేదము లేదు.

ఈ రేఖల కాగితము ఎంతటి భేదమును తెచ్చునో కనడా దేశపు బిళ్ళ యొకటి చాటుచున్నది. 1868లో ఆ దేశమున విక్టోరియా రాణి ముఖముతో రెండు సెంట్ల పచ్చని బిళ్ళ వెలువడెను. అది ప్రజలు దినదినము వాడుకొన్న బిళ్ళ. మామూలు కాగితముపై నున్నవి సేకర్తల యొద్ద విస్తారముగా కలవు. రేఖల కాగితముపై ముద్రితమైనవి మాత్రము చిరకాలము వరకు రెండే రెండు ప్రపంచమునకు తెలిసియుండెను. 2013లో మూడవది బయటపడెను. కనడా దేశపు బిళ్ళలన్నిటిలో అత్యంత దుర్లభమని దానికి పేరు. నూటనలువది యేండ్లకు పైగా ఆ మూడవ బిళ్ళ ఎన్ని చేతులు మారెనో, ఎందరు ఆల్బములు త్రిప్పుచు దానిని చూచియు చూడక దాటిపోయిరో ఊహించుకొనవచ్చును. వారందరును రాణి ముఖమును చూచిరి. కాగితములోని గీతలను చూచినవాడు ఒక్కడు వచ్చువరకు అది మామూలు బిళ్ళయే. ఇట్టిది తమ పెట్టెలో దొరకునని ఎవరును ఆశపడనక్కరలేదు. చూచుట యనగా ఏమో ఈ కథ చెప్పుచున్నది, అంతే.

కాగితపు రంగును గూర్చి రెండు మాటలు. 1855లో లండనునందలి డిలారూ కంపెనీ ఇండియా కొరకు ముద్రించిన నాలుగణాల నల్లని బిళ్ళయు, ఎనిమిదణాల ఎఱ్ఱని బిళ్ళయు నీలపు ఛాయగల మెరుగు కాగితముపై వచ్చినవి. మరుసటి యేటి నుండి అవే బిళ్ళలు తెలుపు, పసుపు ఛాయలుగల కాగితముపై రాసాగెను. ఈ నీలము కాగితమునకు ఉద్దేశపూర్వకముగా ఇచ్చినది. ఇంగ్లండులో 1841 మొదలు వచ్చిన పెన్నీ ఎఱ్ఱబిళ్ళల కాగితము కూడ నీలముగా కనబడును. కాని అచట కాగితము తెల్లనిదే. సిరాలో కలిపిన ప్రషియేట్ ఆఫ్ పొటాష్ అను లవణము కాగితముతో కలిసి కాలక్రమమున నీలిమ పుట్టించినది. ఒకటి పుట్టుకతో వచ్చిన రంగు, మరియొకటి తరువాత తెచ్చుకొన్న రంగు. ఇట్టి ఛాయలను నిర్ణయించుటకు సూర్యకాంతిలో, రెండు విధముల బిళ్ళలను ప్రక్కప్రక్కన ఉంచుకొని చూడవలెను. ఒక్కదానినే చూచి ఇది నీలమా, తెలుపా యని తేల్చుట అనుభవజ్ఞులకును కష్టమే.

సుద్దపూత కాగితము మరియొక భేదము. వాడిన బిళ్ళ మీది తపాలా ముద్రను కడిగి మరల వాడు మోసము అన్ని దేశములందును జరిగినదే. దానిని అరికట్టుటకు కాగితము మీద సుద్దవంటి పూత పూసి, ఆ పూత మీద ముద్రించిరి. కడుగబోయినచో ముద్రతోపాటు బొమ్మయు లేచివచ్చును. ఏడవ ఎడ్వర్డు రాజు కాలమున, 1905 ప్రాంతముల, అనేక బ్రిటిషు వలస దేశముల బిళ్ళలు ఈ కాగితముపై వచ్చెను. గిబ్బన్సు పట్టికలో సుద్దపూత కాగితమునకు సి అనియు, సాధారణ కాగితమునకు ఓ అనియు అక్షరములు గుర్తులుగా కలవు. వెండితో గీసినచో సుద్దపూత మీద నల్లని గీత పడునని ఒక పరీక్ష ప్రసిద్ధము. పరీక్ష నిజమే గాని, పరీక్షించిన బిళ్ళకు మచ్చ మిగులును. బంగారము గీటురాయి మీద గీసినట్లు బిళ్ళను గీయుట తెలివికాదు. భూతద్దముతో ఏటవాలు వెలుతురులో చూచినచో ఆ నునుపు తెలియును.

మోసగాండ్రను అడ్డగించుటకు పుట్టిన పూత, అమాయకుడగు సేకర్తను కూడ శిక్షించును. అతడు కవరు మీది బిళ్ళను గిన్నెలో రాత్రియంతయు నానవేసినచో పొద్దున బొమ్మ సగము గిన్నెలో నుండును. ఇంతకంటె ఘోరము కాశ్మీరపు పాత బిళ్ళల విషయము. 1866లో జమ్ముకాశ్మీర సంస్థానము వెలువరించిన గుండ్రని బిళ్ళలు నాటు కాగితముపై నీటిరంగులతో ముద్రింపబడినవి. నీటిలో వేయుట యనగా వాటిని చేతులార చెరిపివేయుటయే. 1852 జూలై 1వ తేదీన సింధు రాష్ట్రమున వెలువడిన బిళ్ళలలో ఒక విధము లక్కవంటి ఎఱ్ఱని పదార్థముతో చేసిన పెళుసు బిల్ల. అది ముట్టుకొన్నంతనే విరుగు స్వభావము గలది గనుకనే బహు కొద్దిగా మిగిలినది. దేనిపై ముద్రితమైనదో తెలియకుండ దేనిని తడుపరాదు. సందేహమున్నపుడు బిళ్ళను కవరు నుండి తీయనే తీయక, తపాలా ముద్రతోను చిరునామాతోను కవరంతటిని అట్లే ఉంచుట సర్వోత్తమము. ఏ ఊరి నుండి ఏ ఊరికి ఏ తేదీన పోయినదో చెప్పునది ఆ ముద్రయే.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణము నిజాము రాజ్యపు బిళ్ళలు. వాటిపై ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ లిపులతోపాటు తెలుగు అక్షరములును గలవు. 1869లో మొదలైన ఆ తపాలా బిళ్ళలు, హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసిన పిమ్మట 1950లో వాడుక నుండి తొలగినవి. 1871 నుండి చిరకాలము నడచిన వరుస నీటిగుర్తు లేని కాగితముపై నున్నది. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో వచ్చిన తరువాతి బిళ్ళల కాగితములో ఉర్దూ అక్షరములు నీటిగుర్తుగా చేరినవి. తెలంగాణపు పాత కుటుంబముల జాబులలో ఇవి నేటికిని దొరకుచుండును. చార్మినారు గల 1931 నాటి అణా బిళ్ళను చూచి సంతోషించువారు, దానిని ఒకమారు పలకపై బోర్ల పెట్టి చూడవలెను.

ఇక పట్టికలు. పారిసు నగరమున పోటికే అనునతడు 1861లో తొలి పట్టికలలో ఒకదానిని ప్రకటించెను. ఇంగ్లండునందలి ప్లిమత్ పట్టణమున వ్యాపారము చేయుచుండిన స్టాన్లీ గిబ్బన్సు 1865లో తన తొలి ధరల జాబితాను వెలువరించెను. అమెరికాలో స్కాటు పట్టిక 1868లోను, జర్మనీలో మిషెల్ పట్టిక 1910లోను పుట్టినవి. ఆ తొలిదినములలో కాగితపు భేదములను లెక్కింపవలెనా, వద్దా యను వాదము తీవ్రముగా నడచినది. ఫ్రెంచివారు నీటిగుర్తులను, అంచుల రంధ్రములను శ్రద్ధగా పరిశీలించిరి. రంధ్రములను కొలుచు కొలబద్దను 1866లో ప్రచారమునకు తెచ్చిన లెగ్రాన్ అను వైద్యుడును ఫ్రెంచివాడే. ఇంగ్లండునందు చాలమంది ఇది వెఱ్ఱి యని నవ్విరి; రంధ్రముల అంచులను కత్తిరించివేసి అందముగా అంటించుకొనిరి. నవ్వినవారి ఆల్బములు తరువాతివారికి దుఃఖము కలిగించినవి. వాదమున ఫ్రెంచి పద్ధతియే గెలిచినది.

పట్టికలో ప్రతి వరుసకును పైన ఒక శీర్షిక యుండును. విడుదలయైన తేదీ, ముద్రణ పద్ధతి, నీటిగుర్తు, కాగితము, రంధ్రముల కొలత అందులో ఇమిడియుండును. క్రొత్తవారు దీనిని దాటి నేరుగా ధరల వరుసకు పోవుదురు. పొరపాటులన్నియు ఇచటనే పుట్టును. ఐదు నయా పైసల బిళ్ళ బొమ్మను చూచి మొదట కనబడిన సంఖ్యను వ్రాసికొనుట కాదు. శీర్షికలోని ప్రతి లక్షణమును బిళ్ళతో సరిచూచి, అన్నియు కుదిరిన పిమ్మటనే సంఖ్య వ్రాసికొనవలెను. ముఖ్యమైన భేదమునకు ప్రత్యేక సంఖ్య ఇత్తురు. చిన్న భేదమునకు అదే సంఖ్య ప్రక్కన ఒక అక్షరము చేర్చుదురు. అంతకంటె చిన్నదానిని క్రింద ఒక వాక్యములో చెప్పి విడుతురు, లేక విడిచివేయుదురు. ఏది చిన్నది, ఏది పెద్దది యను నిర్ణయము సంపాదకులది. అందుచేత ఒక పట్టికలో ప్రత్యేక సంఖ్య గల భేదము మరియొక పట్టికలో కనబడకపోవచ్చును. సంఖ్యలును ఒక పట్టికకు మరియొక పట్టికకు పొసగవు. సంఖ్య చెప్పునపుడు ఏ పట్టికలోనిదో చెప్పనిచో అది ఊరి పేరు లేని చిరునామా వంటిది.

ధరలు రెండు వరుసలుగా నుండును: ఒకటి వాడని బిళ్ళకు, మరియొకటి వాడినదానికి. ఇచ్చట ఒక విషయము విప్పి చెప్పవలసియున్నది, ఏలయన దీనివలన పేద కుటుంబములు మోసపోవుట కలదు, వృథాగా ఆశపడి చతికిలబడుటయు కలదు. గిబ్బన్సు పట్టికలోని ధర, ఆ కంపెనీ మంచి స్థితిలోనున్న బిళ్ళను తాను అమ్మినచో అడుగు ధర. అది కొనునప్పటి ధర కాదు. అతి సామాన్యమైన బిళ్ళకు వేసిన కనీసపు ధరలో వెదకి తీసి యిచ్చుటకైన కూలియే హెచ్చు. నూరు సామాన్యమైన బిళ్ళలను ఆ కనీసపు ధరతో హెచ్చవేసి ఇంటిలో ధనమున్నదని తలచుట పొరపాటు. మరియొక వైపు, తండ్రి పోయిన పిదప ఆయన ఆల్బమును "పాత కాగితములు" అని తూకమునకు అడుగ వచ్చినవానికి ఇచ్చివేయుటయు పొరపాటే. అడుగవచ్చినవాడు పలకయు భూతద్దమును తెలిసినవాడై, అమ్మువారు బొమ్మలు మాత్రమే తెలిసినవారైనపుడు బేరము సమానముగా నుండదు. చిరుగు, పలుచబారిన చోటు, గోటి గీకుడు ఇవి ధరను సగమునకంటెను తగ్గించునని గూడ ఎరుగవలెను. పెద్ద విలువ గలదేమో యను అనుమానము కలిగిన బిళ్ళను నిపుణుల సంఘమునకు పంపి ధ్రువపత్రము తెప్పించుకొనుట ఆచారము. కనడా బిళ్ళవంటి వాటిని ఎవరును కంటిచూపుతో మాత్రమే కొనరు.

పట్టికలు వెల హెచ్చైన గ్రంథములు. ఏటేట క్రొత్తది కొనుట ఏ పల్లె గ్రంథాలయమునకును శక్యము కాదు, అక్కరయు లేదు. పది పదిహేనేండ్ల నాటి పాత ప్రతిలో ధరలు చచ్చినవైనను, నీటిగుర్తుల చిత్రములు, తేదీలు, కాగితముల వివరములు చావలేదు. పాత పుస్తకముల అంగడిలో అట్టి ప్రతి స్వల్ప వెలకు దొరకును. ఇండియా, సంస్థానముల భాగము గల సంపుటము ఒక్కటి తెచ్చి సూచిక గ్రంథముల అలమరలో పెట్టి, ఇంటికి ఇవ్వక అక్కడనే చూచుకొనుటకు అనుమతించినచో ఊరందరికిని సరిపోవును. దాని ప్రక్కన నల్లని పలక యొకటి, భూతద్దమొకటి, చిమటా యొకటి ఉంచవలెను. బెంజీను సీసా మాత్రము అలమరలో పెట్టరాదు, గ్రంథపాలకుని అధీనమున వేరుగా నుండవలెను. రాబోవు సంక్రాంతికి దూలముల మీది తీగలు దింపువారు ఆ కట్టలను పొయ్యికి చేర్చకముందు ఒకమారు ఇచ్చటికి తీసికొనిరావచ్చును.